పచ్చికకు ఆరుతడి చాలు

ఇంటి ముందు పచ్చిక వేసిన తొలి మూడేళ్ళూ నేను దానికి ఎన్ని నీళ్ళు పెట్టాలో నిర్ణయించింది ప్రహరీ గోడ పక్కనున్న ఒక మూల. మంచం పరిచినంత మేర అక్కడ గడ్డి ఎప్పుడూ పసుపు తిరిగి ఉండేది. అది కంటబడినప్పుడల్లా స్ప్రింక్లర్ల టైమర్‌లో ఒకటి రెండు నిమిషాలు పెంచేదాన్ని. మూల కాస్త తేరుకునేది. ఆ పెంచిన నిమిషాల నీళ్ళు మాత్రం మొత్తం 120 చదరపు మీటర్ల పచ్చిక మీదా పడేవి. అప్పటికే తడిసి ఉన్న నేల వాటిని పీల్చుకోలేక నడకదారి మీదికి వదిలేసేది, అక్కడి నుంచి అవి కాలువలోకి పోయేవి. ఉదయం వాకిట్లో కనిపించే ఆ తడిని నేను పచ్చికకు నీళ్ళు బాగా అందాయనడానికి గుర్తుగా భావించాను. పచ్చిక బయళ్ళలో పోయే నీటిలో పెద్ద భాగం ఇలాగే పోతుందని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం. ఎండిన ఒక్క మూలను చూసి భయపడతాం, ఆ భయానికి మందుగా మొత్తం నేలనంతా తడుపుతాం.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం ఆ దేశంలో సగటు ఇంటి నీటి వాడకంలో దాదాపు 30 శాతం ఆరుబయటే ఖర్చవుతుంది, అందులో సగం దాకా గాలికీ ఎండకూ కొట్టుకుపోయే ప్రవాహానికీ వృథా కావచ్చని నిపుణుల అంచనా. ఇలాంటి అంకెలు చదివినప్పుడు మనసు నొచ్చుకుంటుంది గాని చేయి కదలదు. నా చేయి కదిలింది 20 గాజు గ్లాసుల వల్ల.

పద్ధతి చాలా సులువైనది. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న గ్లాసులను పచ్చిక మీద సమాన దూరాల్లో నిలబెట్టి, స్ప్రింక్లర్లను సరిగ్గా 15 నిమిషాలు తిప్పి, ఒక్కొక్క గ్లాసులో ఎన్ని మిల్లీమీటర్ల నీరు పడిందో స్కేలుతో కొలవాలి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు, కాబట్టి గ్లాసులోని లోతు చూస్తే నేలకు అందిన నీరు ఎంతో వెంటనే లెక్కకు వస్తుంది. నేను గాలి లేని ఒక తెల్లవారుజామున ఈ పని చేశాను. వేప మొక్క పక్కన పెట్టిన గ్లాసులో 15 మిల్లీమీటర్లు ఉంది. గోడ పక్క గ్లాసును వంచి చూస్తే అడుగున వేలి గోరంత లోతు కూడా లేదు, నాలుగు మిల్లీమీటర్ల కన్నా కొంచెం ఎక్కువ. మొత్తం 20 గ్లాసుల సగటు 9. అన్నిటికన్నా తక్కువ పడిన ఐదింటి సగటు 4.5.

నీటిపారుదల ఇంజనీర్లు ఈ రెండో అంకెను మొదటి అంకెతో భాగించి, వచ్చినదాన్ని పంపిణీ సమానత అంటారు. నా పచ్చికలో అది 50 శాతం. దీని అర్థమేమిటో నాకు ఆ రోజు కాగితం మీద రాసుకున్నాకే తెలిసింది. అప్పటికి టైమర్ రోజూ 12 నిమిషాలు నడిచేది, అంటే సగటున 7.2 మిల్లీమీటర్లు, మొత్తం పచ్చిక మీద 864 లీటర్లు. అందులో ఎండిన మూలకు అందుతున్నది 3.6 మిల్లీమీటర్లు మాత్రమే. నేను మూడేళ్ళ పాటు కొద్దికొద్దిగా నిమిషాలు పెంచుకుంటూ, ఆ మూల బతకడానికి ఎంత కావాలో సరిగ్గా అంత దగ్గర ఆగాను. మిగతా నేలలో చాలా భాగానికి దానికి రెండింతలు, కొన్నిచోట్ల మూడింతలు కూడా పోస్తున్నాను.

ఎందుకింత తేడా అని ఒక్కొక్క స్ప్రింక్లర్ దగ్గరా కూర్చుని చూశాను. ఒకదాని నాజిల్‌లో ఇసుక రేణువులు ఇరుక్కుని నీటి ధార రెండుగా చీలి మధ్యలో ఖాళీ వదులుతోంది. మరొకటి మనుషులు తొక్కీ తొక్కీ పక్కకు ఒరిగి, సగం నీటిని తన మొదట్లోనే గుంటలా పోస్తోంది. ఇంకొకదాని ముందు పొద పెరిగి నీటిని అడ్డుకుంటోంది. అసలు పెద్ద తప్పు అమర్చిన రోజే జరిగింది. మూలలో నిలబడి పావు వృత్తం మాత్రమే తడిపే స్ప్రింక్లర్ తలకూ, గోడ మధ్యన నిలబడి అర వృత్తం తడిపే తలకూ ఒకే ప్రవాహం ఉన్న నాజిళ్ళు బిగించారు. సగం నేలను తడిపేదానికి నీరు కూడా సగమే ఉండాలి. లేకపోతే పావు వృత్తం తల కింద రెట్టింపు వాన, అర వృత్తం తల కింద సగం వాన పడుతుంది. గోడ పక్క ఆ మూల సరిగ్గా అర వృత్తం తల చివరి అంచున ఉంది. నాజిళ్ళు కడిగి, ఒరిగినదాన్ని నిటారుగా పాతి, పొద కొమ్మలు కత్తిరించి, ప్రవాహానికి తగిన నాజిళ్ళు మార్చాక మళ్ళీ గ్లాసులు పెట్టాను. సగటు 8.8 అయింది, తక్కువ పడిన ఐదు గ్లాసుల సగటు 6.6కు పెరిగింది, సమానత 75 శాతానికి చేరింది. టైమర్ అవసరం 12 నిమిషాల నుంచి 8కి పడిపోయింది. పచ్చిక రంగు ఏమాత్రం మారలేదు.

నీటి పొదుపు గురించి రాసేవారు చాలామంది నాజిళ్ళ విషయాన్ని ఒక్క వాక్యంలో దాటేసి, స్మార్ట్ టైమర్లు కొనమనే దగ్గరికి వెళ్ళిపోతారు. నేను ఈ క్రమాన్ని తిరగేయాలంటాను. వాతావరణాన్ని బట్టి నిమిషాలను తనంతట తానే మార్చుకునే టైమర్ మంచి పరికరమే, వాన పడ్డప్పుడు నీటిని ఆపే చిన్న సెన్సర్ అంతకన్నా మంచిది. కానీ ఇసుక ఇరుక్కున్న నాజిల్ సంగతి ఏ టైమర్‌కూ తెలియదు. పంపిణీ సగానికి సగం తేడాగా ఉన్నచోట స్మార్ట్ టైమర్ పెట్టినా, మూల ఎండగానే మనిషి వెళ్ళి దాని లెక్కను చేత్తో పెంచేస్తాడు. అక్కడితో ఆ పరికరం తెలివి ముగిసిపోతుంది.

ఇక గడ్డికి నిజంగా కావలసింది ఎంత? పంటల నీటి అవసరం లెక్కగట్టడానికి ప్రపంచమంతటా వాడే కొలబద్ద ఒక పచ్చికే కావడం నాకు ఎంతో నచ్చిన సంగతి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1998లో వెలువరించిన మార్గదర్శకాల్లో 12 సెంటీమీటర్ల ఎత్తున, నీటి కొరత లేకుండా, నేల కనిపించకుండా పరుచుకున్న ఊహాజనిత పచ్చికను ప్రమాణంగా తీసుకున్నారు. అది ఒక రోజులో ఆకుల నుంచీ నేల నుంచీ ఎంత నీటిని ఆవిరిగా వదులుతుందో ఎండ, గాలి, తేమ, ఉష్ణోగ్రతలను బట్టి లెక్కిస్తారు. మిగతా మొక్కల అవసరాన్ని దానిలో ఇంత వంతు అని చెబుతారు. బెర్ముడా, జోయ్సియా వంటి వేడిని తట్టుకునే గడ్డి జాతులకు అందులో దాదాపు 0.6 వంతు సరిపోతుంది, చల్లని ప్రాంతాల జాతులకు 0.8 వంతు కావాలి. ప్రమాణం రోజుకు 6 మిల్లీమీటర్లుండే మండువేసవిలో కూడా నా గడ్డికి 3.6 మిల్లీమీటర్లు చాలు. చలికాలంలో ప్రమాణం సగానికి పడిపోతుంది, గడ్డి అవసరం కూడా సగానికి పడిపోతుంది. వేసవిలో పెట్టిన టైమర్‌ను చలికాలంలో కూడా అలాగే వదిలేయడం, నా ఉద్దేశంలో, ఏడాది మొత్తంలో మనం చేసే అతిపెద్ద వృథా.

రోజుకు 3.6 మిల్లీమీటర్లు కావాలంటే రోజూ 3.6 మిల్లీమీటర్లు పెట్టాలని కాదు. ఇక్కడే మన రైతుల మాట ఒకటి గుర్తు చేసుకోవాలి. వరికి మడిలో నీరు నిలవాలి. ఆరుతడి పంటకు నేల ఆరాలి, ఆరిన తర్వాతే మళ్ళీ తడి ఇవ్వాలి. పచ్చిక ఆరుతడి పంట. మనం దాన్ని వరిమడిలా పెంచుతున్నాం.

నా పచ్చికలో గునపంతో ఒక పెళ్ళ తవ్వి తీసి చూసినప్పుడు ఇది కళ్ళకు కట్టింది. పైన ఆకు దట్టంగా, ముదురు పచ్చగా ఉంది. కింద తెల్లని వేళ్ళు అర చేతి వెడల్పు లోతుకు కూడా దిగలేదు, దాదాపు 5 సెంటీమీటర్ల దగ్గరే చాపలా అల్లుకుపోయాయి. ఆ కింద మట్టి పదునుగానే ఉంది గాని అందులో వేరన్నదే లేదు. రోజూ పైపైన తడి దొరుకుతుంటే వేరుకు లోపలికి దిగవలసిన పని ఏముంది? ఈ లోతు తక్కువతనం మళ్ళీ మన చేతులు కట్టేస్తుంది. మధ్యరకం ఒండ్రు నేల ప్రతి మీటరు లోతుకూ మొక్కకు అందగల నీటిని దాదాపు 150 మిల్లీమీటర్లు పట్టి ఉంచుతుంది. 5 సెంటీమీటర్ల వేళ్ళకు అందులో దక్కేది 7.5 మిల్లీమీటర్లు, గడ్డి వాడిపోకుండా వాడుకోగలిగింది అందులో సగం, అంటే సరిగ్గా ఒక్క రోజు తిండి. వేళ్ళు 15 సెంటీమీటర్లకు దిగితే అదే నేల మూడు రోజులకు సరిపోతుంది. ఒక రోజు నీరు ఆపగానే వాడిపోయిందని, కాబట్టి రోజూ పెట్టక తప్పదని వాదించేవారు పొరబడడం లేదు. వాళ్ళు చూస్తున్నది నిజమే. అయితే ఆ నిజాన్ని తయారు చేసింది రోజూ పెట్టిన ఆ తడే.

దీన్ని ఒక్కరోజులో మార్చలేం. నేను రోజు విడిచి రోజుకు మార్చి ఆరు వారాలు ఆగాను, ఆ తర్వాత మూడు రోజులకొక తడికి వచ్చాను. మధ్యలో పచ్చిక రంగు తగ్గిన రోజులున్నాయి, టైమర్ వైపు చేయి వెళ్ళిన రోజులూ ఉన్నాయి. తడి ఎప్పుడివ్వాలో చెప్పేది గడియారం కాదు, రెండు గుర్తులు. నడిచి వెళ్ళాక అడుగుల ముద్ర గడ్డిలో లేవకుండా అలాగే మిగిలిపోతే దాహం మొదలైనట్టు. పొడవాటి స్క్రూడ్రైవర్‌ను నేలలో గుచ్చితే సులువుగా దిగినంత మేర చెమ్మ ఉన్నట్టు. తడి ఇచ్చిన మరునాడు కూడా గుచ్చి చూడాలి, నీరు వేళ్ళ దాకా దిగిందో లేదో అది చెబుతుంది.

మూడు రోజుల నీటిని ఒక్కసారిగా పోస్తే మళ్ళీ పాత కథే. స్ప్రే తలలు గంటకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల వేగంతో నీరు కురిపిస్తాయి, అది కుంభవృష్టి. బంకమట్టి నేలలో గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్లు మాత్రమే స్థిరంగా ఇంకుతుంది, ఇసుక నేలలో 30కి మించి ఇంకుతుంది. అందుకని తడిని విడతలుగా చీల్చాలి. నా టైమర్ ఇప్పుడు మూడు రోజులకొకసారి 8 నిమిషాలు నడిచి, గంట ఆగి, మళ్ళీ 8 నిమిషాలు, మళ్ళీ గంట తర్వాత 8 నిమిషాలు నడుస్తుంది. ఆ గంటలో నీరు ఇంకుతుంది. వాలు నేలల్లో ఈ విడతలు ఇంకా చిన్నవి కావాలి. రోజుకు సగటున 864 లీటర్లున్న వాడకం ఈ పద్ధతిలో 563 లీటర్లకు దిగింది.

వేళ గురించి పెద్దగా వాదన అవసరం లేదు. సూర్యోదయానికి ముందు గాలి పెద్దగా వీచదు, ఆవిరి తక్కువ, ఆకు మీది తడి ఎండ రాగానే ఆరిపోతుంది కాబట్టి తెగుళ్ళూ తక్కువ. స్ప్రింక్లర్ల చుట్టూ పొగమంచులా తుంపర లేస్తుంటే మాత్రం అది ఒత్తిడి ఎక్కువైందనడానికి గుర్తు. సాధారణ స్ప్రే తలలు దాదాపు 2 బార్ల ఒత్తిడికి తయారైనవి, అంతకు మించితే చుక్క పొడిపొడిగా చీలి గాలికి పోతుంది. వాల్వ్ దగ్గర ఒత్తిడి తగ్గించే పరికరం ఒకటి బిగిస్తే సరిపోతుంది.

కత్తిరింపును నీటితో ముడిపెట్టి ఆలోచించేవారు తక్కువ. గడ్డిని నేలకు అంటేలా కత్తిరిస్తే ఆకు తగ్గి, ఆకు తయారు చేసే ఆహారం తగ్గి, వేరు కురచబడుతుంది, నేల మీద ఎండ నేరుగా పడుతుంది. ఒక్కసారికి మూడో వంతుకు మించి కోయకూడదన్న నియమం చాలు. కోసిన ముక్కల్ని అక్కడే వదిలేస్తే నేలకు నీడా ఎరువూ రెండూ అవుతాయి. ఇంకొక మాట, తీవ్రమైన ఎద్దడి రోజుల్లో చాలా గడ్డి జాతులు ఆకు ఎండబెట్టుకుని మొదలును కాపాడుకుంటూ కొన్ని వారాలు నిద్రపోగలవు, వాన రాగానే మళ్ళీ చిగురిస్తాయి. ఆ రంగును చావుగా చదవడం మానుకుంటే చాలా నీరు మిగులుతుంది.

చెట్లనూ పొదలనూ పచ్చికతో పాటు ఒకే వాల్వ్ మీద పెట్టడం మరో పెద్ద తప్పు. దాని దాహం వేరు, వీటి దాహం వేరు. పొదలకు డ్రిప్ మంచిది. 1930లలో తోటివాటికన్నా ఏపుగా ఎదిగిన ఒక చెట్టును చూసి, అడుగున కారుతున్న పైపే దానికి కారణమని పట్టుకున్న నీటి ఇంజనీరు సిమ్‌ఖా బ్లాస్ ఆలోచనే, ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాక 1960లలో డ్రిప్‌గా రూపు దిద్దుకుంది. గంటకు 2 లీటర్లు వదిలే డ్రిప్ రంధ్రం కింద ఆవిరీ ప్రవాహమూ దాదాపు ఉండవు. చెట్టుకు మాత్రం కాండం మొదట్లో పోసిన నీరు అంతగా పనికిరాదు, నీటిని పీల్చే సన్నని వేళ్ళు కొమ్మల కొసల కింద, ఇంకా అవతలా ఉంటాయి. పాదును అక్కడి దాకా జరపాలి. ఎండుటాకులో చెక్క పొట్టో 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన కప్పి, కాండాన్ని మాత్రం తాకకుండా వదలాలి. డ్రిప్‌లో ఒక ప్రమాదం ఉంది. స్ప్రింక్లర్ పాడైతే ఎగజిమ్ముతూ కనిపిస్తుంది, ఆకుల కప్పు కింద తెగిన డ్రిప్ గొట్టం నెలల తరబడి నిశ్శబ్దంగా పోస్తూనే ఉంటుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నెలకొకసారి మీటర్ ముల్లు కదులుతోందేమో చూడడమే దీనికి మందు. సెకనుకు ఒక చుక్క కారే కుళాయి ఏడాదికి దాదాపు 11,000 లీటర్లు పోగొడుతుంది.

ఇంటి పచ్చిక గురించి ఇంత చెప్పి, కార్యాలయాల ముందూ నివాస సముదాయాల్లోనూ ఎకరాల కొద్దీ ఉన్నవాటి గురించి చెప్పకపోతే న్యాయం కాదు. అలాంటి ఒకచోట నడిమధ్యాహ్నం గొట్టం పట్టుకుని నీళ్ళు కొడుతున్న తోటమాలిని, ఈ వేళప్పుడు ఎందుకని అడిగాను. “ఎండితే నన్నే అంటారమ్మా. నీళ్ళెక్కువైతే ఎవరూ అడగరు,” అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. నిర్వహణ ఒప్పందాల్లో గడ్డి పచ్చగా ఉండాలన్న షరతే ఉంటుంది గాని చదరపు మీటరుకు ఇన్ని లీటర్లు మించకూడదన్న షరతు ఉండదు. తోట గొట్టానికి విడిగా మీటరు ఉండదు. కొలవని నీటికి లెక్క చెప్పవలసిన వారుండరు. విడి మీటరు, నెలవారీ లీటర్ల పరిమితి, ఏడాదికి రెండుసార్లు గ్లాసుల పరీక్ష, ఈ మూడింటినీ ఒప్పందంలో రాయించితే, దాహం తీరిన గడ్డిని చూపి తోటమాలి తనను తాను సమర్థించుకోగలుగుతాడు. శుద్ధి చేసిన మురుగునీరే కదా వాడుతున్నాం, ఎంత పోస్తే ఏమని అనేవారూ ఉన్నారు. ఆ నీటిని శుద్ధి చేయడానికీ ఎత్తిపోయడానికీ కరెంటు కావాలి, అందులో ఉప్పు ఎక్కువ కాబట్టి మితిమీరి పోస్తే నేలకే చేటు.

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఈ గడ్డి మీద ఎవరైనా అడుగుపెడతారా? కొలరాడో నది మీద బతికే ఎడారి నగరం లాస్ వెగాస్ ఈ ప్రశ్నను చట్టంలో అడిగింది. నెవాడా రాష్ట్రం 2021లో చేసిన చట్టం ప్రకారం, రోడ్ల మధ్యనా కార్యాలయాల ముందూ అలంకారానికే ఉన్న పచ్చికకు 2026 చివరి తర్వాత ఆ నది నీటిని వాడకూడదు. పిల్లలు ఆడుకునే మైదానాలకూ, విడి ఇళ్ళకూ ఆ నిషేధం లేదు. అక్కడి నీటి సంస్థ 2005లో వెలువరించిన అధ్యయనం పచ్చికకు చదరపు అడుగుకు ఏడాదికి 73 గాలన్లు, తక్కువ నీటి మొక్కలు వేసిన నేలకు 17.2 గాలన్లు ఖర్చవుతున్నట్టు చూపింది. మన కొలతల్లో చదరపు మీటరుకు ఒకటి దాదాపు 2,970 లీటర్లు, రెండోది 700. ఈ రకం తోటలకు జెరిస్కేప్ అన్న పేరు 1981లో డెన్వర్ నీటి సంస్థ పెట్టింది. పొడి అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి అది వచ్చింది.

పచ్చిక చల్లదనాన్నిస్తుంది కదా అనే అభ్యంతరానికి నేను తల వంచుతాను. ఆవిరయ్యే నీరు గాలిని నిజంగానే చల్లబరుస్తుంది, గడ్డి పీకేసి కంకర పరిచినా, ప్లాస్టిక్ గడ్డి వేసినా ఆ నేల నిప్పులా కాలుతుంది. ఆ పొరపాటు చేయవద్దనే నా విన్నపం కూడా. కానీ అదే నీటితో పెరిగిన చెట్టు చల్లదనంతో పాటు నీడనూ ఇస్తుంది. పచ్చికను తీసేసేటప్పుడు అప్పటిదాకా దాని నీటితోనే బతికిన చెట్లకు విడిగా డ్రిప్ వేయడం మరిచిపోతే అవి రెండు వేసవుల్లో ఎండిపోతాయి. గడ్డి ఉండాలి, మనుషులు కూర్చునే చోట, పిల్లలు పరిగెత్తే చోట ఉండాలి. గోడ పక్కన రెండడుగుల పట్టీలో దానికి పని లేదు.

నా ఇంట్లో ఆ మూల చివరికి అలాగే తీరింది. నాజిళ్ళు మార్చాక కూడా మధ్యాహ్నం ఎండకు కాగిన గోడ వేడి ఆ పట్టీని మిగతా నేలకన్నా ముందే ఆరబెట్టేది. పోయిన చలికాలంలో అక్కడ 8 చదరపు మీటర్ల గడ్డి పెళ్ళగించి, ఎండకు ఓర్చే నాలుగు పొదలు నాటి, డ్రిప్ వేసి ఎండుటాకులు కప్పాను. మిగిలిన పచ్చికలో మళ్ళీ గ్లాసులు పెట్టి కొలిచాక, 8 నిమిషాల విడతలు 7 నిమిషాలయ్యాయి.